ముందు కేసుషీటు ఇప్పించండి
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,



డాక్టరు మీద చెయ్యి చేసుకుంటే మూడేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా. పగలగొట్టిన సామానుకు రెట్టింపు కట్టాలి. స్టేషన్ బెయిలు కూడా రాదు. 2008లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం ఇది. చాలా ఆస్పత్రుల్లో క్యాష్ కౌంటర్ పక్కనే బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాసి పెట్టుకున్నారు. పెట్టుకోవాల్సిందే. రాత్రి రెండింటికి కాన్పు చేసిన డాక్టరమ్మ మీద కుర్చీ ఎత్తినవాడికి శిక్ష పడాలంటే నేను రెండో మాట అనను.

అదే ఆస్పత్రిలో మనిషి పోయి, ఆ ఇంటివాళ్లు కేసుషీటు కాపీ అడిగితే, ఇవ్వనివాడిని ఏం చేస్తారో మాత్రం ఏ బోర్డు మీదా కనపడదు. వైద్యంలో జరిగిన నిర్లక్ష్యం మీద ఫిర్యాదు ఎలా చేయాలి, ఎవరు విచారించాలి, ఎన్నాళ్లలో తేల్చాలి అని ఒక్కచోట చెప్పే రాష్ట్ర చట్టం మన రెండు రాష్ట్రాల్లోనూ లేదు. ఉన్నవి కేంద్ర చట్టాల ముక్కలు, సుప్రీంకోర్టు తీర్పులు, కౌన్సిల్ నిబంధనలు. వాటిని ఏరుకుని కేసు కట్టుకోవాల్సింది కర్మకాండలు కూడా పూర్తికాని కుటుంబం.

నేను జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వాదించే ప్లీడర్ని. ఇన్సూరెన్సు కంపెనీలు, చిట్టీలు ఎగ్గొట్టినవాళ్లు, ఫ్లాటు అప్పజెప్పని బిల్డర్లు, వీళ్ల మీద కేసులతోనే మా రోజు గడుస్తుంది. ఆస్పత్రి కేసులు తక్కువ వస్తాయి. ఆస్పత్రుల్లో తప్పులు తక్కువ జరుగుతున్నాయని కాదు. మా దాకా రాకముందే గేటు దగ్గరే తెగిపోతున్నాయి.

ఎలా తెగుతాయో మీకు తెలియంది కాదు. మీ నియోజకవర్గాల నుంచి మీకూ అర్ధరాత్రి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అయినా కాగితం మీద పెడతాను.

మనిషి పోయాడని రాత్రి పదింటికి చెబుతారు. నిజంగా ఎప్పుడు పోయాడన్నదే మొదటి అనుమానం. తెల్లారేసరికి ఊరంతా డీసీఎంలో దిగుతుంది. గేటు ముందు బైఠాయింపు, గేటు లోపల పోలీసులు. డాక్టరు కనపడడు. కనపడొద్దని సీఐగారే చెప్పి ఉంటారు, అది తప్పూ కాదు. యాజమాన్యం తరఫున పీఆర్వో బయటికొస్తాడు. ఇటువైపు సర్పంచో, కులపెద్దో, పార్టీ కండువా వేసుకున్న చోటా నాయకుడో ముందుకొస్తాడు. బేరం లక్షల్లో మొదలవుతుంది. మధ్యాహ్నానికి ఎవరో ఒకరు "ఎండాకాలం, శవాన్ని ఎంతసేపని ఉంచుతాం" అంటారు. ఆ మాట పడిందంటే అంకె దిగడం మొదలైనట్టే. చివరికి బిల్లు మాఫీ, పైన ఎంతో కొంత చేతికి. ఆస్పత్రివాళ్ల దగ్గర కాగితం ముందే తయారుగా ఉంటుంది: వైద్యంలో ఏ లోపమూ లేదు, యాజమాన్యం మానవతా దృక్పథంతో ఆర్థిక సాయం చేసింది, మున్ముందు ఎక్కడా ఫిర్యాదు చేయం. కింద భార్య వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. మధ్యవర్తికి ఎంత ముట్టిందో ఆ కాగితంలో ఉండదు.

పోస్టుమార్టం ఉండదు. పొద్దుగూకేలోపు దహనం అయిపోతుంది. పెద్దకర్మ దాటాక, ఇంట్లో చదువుకున్న కూతురో అల్లుడో మనసు ఒప్పక నా దగ్గరికొస్తారు. వాళ్ల చేతిలో మందుల బిల్లుల కట్ట, సెల్‌ఫోన్‌లో రెండు మూడు ఫొటోలు, ఒక పేజీ డెత్ సమ్మరీ ఉంటాయి. ఆ పేజీలో మరణ కారణం దగ్గర 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని రాసి ఉంటుంది. అంటే గుండె ఆగింది, ఊపిరి ఆగింది. చనిపోయిన ప్రతి మనిషికీ ఆగేవి ఆ రెండే. ఎందుకు ఆగాయో చెప్పాల్సిన కాగితాలు ఆస్పత్రి రికార్డు రూంలో ఉంటాయి. శరీరం చెప్పాల్సింది కాటిలో కాలిపోయింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో మధ్యవర్తిత్వ నియమాలు వచ్చాయి. కమిషన్ ముందున్న తగాదాల్లో వేటిని రాజీకి పంపకూడదో అందులో రాశారు. వైద్య నిర్లక్ష్యం వల్ల మరణమో, తీవ్రమైన గాయమో జరిగిన కేసు వాటిలో ఒకటి. అలాంటి కేసులో, శిక్షణ పొందిన మధ్యవర్తి ముందు, ఏసీ గదిలో, ఇద్దరు లాయర్ల సమక్షంలో రాజీ కుదరకూడదు. ఆస్పత్రి గేటు ముందు, శవాన్ని పక్కన పెట్టుకుని, కండువా మనిషి కూర్చోబెట్టి కుదిర్చిన రాజీని మాత్రం అడ్డుకునేవాడు లేడు.

నిజానికి పుస్తకంలో చూస్తే రోగికి దారులు బాగానే ఉన్నాయి. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా సేవేనని, దాంట్లో లోపానికి వినియోగదారుల ఫోరంలో జవాబు చెప్పాలని 1995 నవంబరులో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 కొత్త చట్టంలో 'ఆరోగ్యం' అన్న మాట విడిగా లేదు కాబట్టి డాక్టర్లు తప్పుకున్నట్టేనన్న వాదన లేస్తే, 2022లో అదే కోర్టు దాన్నీ కొట్టేసింది. ఖర్చు కూడా లేదు. రోగి ఆస్పత్రికి కట్టింది 5 లక్షల లోపయితే ఫిర్యాదుకు ఫీజే లేదు. కట్టిన సొమ్ము 50 లక్షల దాకా ఉంటే, పరిహారం కోటి అడిగినా జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. ల్యాబు పరీక్షలు అక్కర్లేని ఫిర్యాదుని మూడు నెలల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది.

మూడు నెలలు! మా కమిషన్ వరండాలో ఆ మాట అంటే బంట్రోతు కూడా నవ్వుతాడు. కమిషన్లలో అధ్యక్షులు, సభ్యుల కుర్చీలు ఖాళీగా ఉంచుతున్నారని 2021లో సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని రాష్ట్రాలకు చీవాట్లు పెట్టింది. నియామకాలు మీ శాఖవి కావని నాకు తెలుసు. మీ పక్క కుర్చీలో కూర్చునే మంత్రిగారివే కదా, కేబినెట్‌లో ఓ మాట వేయండి.

ఎంత కాలం పడుతుందో చెప్పడానికి మన హైదరాబాద్ కేసులే చాలు. 1990 అక్టోబరులో 20 ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి ఛాతీలో కణితితో నిమ్స్‌లో చేరాడు. ముక్క తీసి పరీక్షకు పంపడానికని ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. తీసింది మొత్తం కణితిని. అది వెన్నుపూస దగ్గరున్నా, ఆపరేషన్ చేసేటప్పుడు న్యూరోసర్జన్ లేడు. కుర్రాడు కళ్లు తెరిచేసరికి నడుము కింద స్పర్శ లేదు. 2009 మేలో సుప్రీంకోర్టు అతనికి కోటి రూపాయలు, దాని మీద వడ్డీ ఇప్పించింది. ముక్క తీయడానికి ఒప్పుకున్నంత మాత్రాన మొత్తం ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదన్నది. ఆ కేసుని అతను చక్రాల కుర్చీలో కూర్చుని తనే వాదించుకున్నాడు. అప్పటికి అతనికి నలభై ఏళ్లు దగ్గరపడ్డాయి.

రెండో కేసు ఇంతకన్నా నన్ను వెంటాడుతుంది. పరిహారం చిన్నది, పాఠం పెద్దది. 2002 జులైలో, మలేరియా విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి తన భార్యను హైదరాబాద్‌లోనే ఓ ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాడు. విడిచి విడిచి వచ్చే జ్వరం, చలి. అక్కడ టైఫాయిడ్ వైద్యం చేశారు. నాలుగు రోజుల తర్వాత మరో ఆస్పత్రికి మార్చేసరికి చెయ్యి దాటిపోయింది. ఆ రెండో ఆస్పత్రి రక్తపరీక్షలో మలేరియా అని తేలింది, టైఫాయిడ్ లేదని తేలింది. ఆయన ఏ శాఖలో పనిచేసేవాడో మరొక్కసారి చదవండి.

జిల్లా ఫోరం రెండు లక్షల పరిహారం ఇవ్వమంది. రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, నిపుణుడి సాక్ష్యం లేదని. జాతీయ కమిషన్ కూడా అదే మాట అంది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడు రావాలన్న రూలు లేదు, తప్పు తనంతట తానే మాట్లాడుతున్నప్పుడు దానికి దుభాషీ అక్కర్లేదు అన్నది దాని సారాంశం. రెండు లక్షల కోసం ఏడున్నరేళ్లు, నాలుగు మెట్లు. రెండో ఆస్పత్రి కాగితాలు చేతికి వచ్చాయి కాబట్టి ఆ మాత్రమైనా గెలిచారు.

ఆ తీర్పు మంచిదే. కానీ అన్ని తప్పులూ అంత స్పష్టంగా ఉండవు. సిజేరియన్ తర్వాత రక్తస్రావం మొదలైతే ఎన్ని నిమిషాల్లో రక్తం ఎక్కించాలి, ఏ దశలో పెద్దాస్పత్రికి పంపాలి అన్నది నేను చెప్పలేను, జడ్జిగారు చెప్పలేరు. మరో గైనకాలజిస్టే చెప్పాలి. అదే ఊళ్లో, డాక్టర్ల సంఘమైన అదే ఐఎంఏ శాఖలో, వారం వారం కలిసి భోంచేసే మరో గైనకాలజిస్టు వచ్చి బోనెక్కుతుందా? ఎక్కదు. ఆవిడ పిరికిదని కాదు, రేపు ఆవిడ ఆపరేషన్ చేస్తుంటే మత్తు ఇవ్వడానికి మనిషి దొరకాలి కదా. అందుకని మేం హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, వెల్లూరులోనో రిటైరైన డాక్టర్ల కోసం తిరుగుతాం. తిరగగలిగే స్తోమత ఉన్న క్లయింటుకే కేసు ఉంటుంది.

కోల్‌కతాలో 1998లో భార్యను పోగొట్టుకున్న కునాల్ సాహా కేసు అందరికీ తెలుసు. 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆయనకు దాదాపు 6 కోట్లు, పైగా వడ్డీ ఇప్పించింది. పేపర్లన్నీ అంకె గురించే రాశాయి. ఆయన స్వయంగా డాక్టరు, ఉండేది అమెరికాలో, పదిహేనేళ్లు వదలకుండా పోరాడాడు. ఈ మూడింటిలో ఒక్కటీ లేని పాలకొండ కూలీకి, జోగిపేట ఆటోడ్రైవరుకి ఆ తీర్పు పేపర్ కటింగే.

ఇక పోలీసు కేసుల సంగతి. ఇక్కడ నేను డాక్టర్ల పక్షమే. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో, కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే, వైద్యం చేసిన డాక్టరమ్మ మీద ఏకంగా హత్యకేసు పెట్టారు. మర్నాడే ఆమె ఉరేసుకుంది. గేటు ముందు గుంపుని శాంతింపజేయడానికి ఎఫ్ఐఆర్‌లో సెక్షన్లు పెంచే అలవాటు మన పోలీసులకూ లేకపోలేదు. 2005 ఆగస్టులో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. క్రిమినల్ కేసు కావాలంటే మామూలు నిర్లక్ష్యం సరిపోదు, ఘోరమైనదై ఉండాలి. దర్యాప్తు అధికారి ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, వీలైతే ప్రభుత్వ డాక్టరుది. మామూలుగా అరెస్టు చేసినట్టు చేయకూడదు. ఈ విషయంలో కేంద్రం గానీ రాష్ట్రాలు గానీ మెడికల్ కౌన్సిల్‌తో సంప్రదించి చట్టబద్ధమైన నియమాలు రాయాలని కూడా అన్నది. ఆ మాటకు ఇరవై ఏళ్లు నిండాయి. ఆ నియమాలు మన శాసనసభల ముందుకు ఎప్పుడొస్తాయి మంత్రిగారూ?

ఈలోగా ఐపీసీ పోయి 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని 106వ సెక్షన్‌లో నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన మామూలు మనిషికి ఐదేళ్ల దాకా శిక్ష, రిజిస్టరైన డాక్టరయితే రెండేళ్ల దాకా. డాక్టర్లకు ఆ తేడా ఇచ్చినందుకు నాకేం బాధ లేదు. జైలు వల్ల రోగి కుటుంబానికి ఒరిగేది లేదు. వాళ్లు నా దగ్గరికొచ్చి మొదట అడిగేది డబ్బు కూడా కాదు. "అసలు ఏమైంది సార్, మాకు ఎవరూ చెప్పలేదు" అంటారు.

ఏమైందో చెప్పించే యంత్రాంగం రాష్ట్రం చేతిలో ఉండొచ్చునని అమెరికా చూస్తే అర్థమవుతుంది. అక్కడ ఈ వ్యవహారం రాష్ట్రాలదే, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం. ఎక్కడ ఇన్సూరెన్సు ప్రీమియం ఎక్కువో, ఎక్కడ పరిహారానికి సీలింగు ఉందో అక్కడి తెలుగు డాక్టర్లను అడిగితే గడగడా చెబుతారు. నొప్పికి, మనోవేదనకు ఇచ్చే పరిహారం రెండున్నర లక్షల డాలర్లు దాటకూడదని కాలిఫోర్నియా 1975లో గీత గీసింది. ధరలు ఎన్నిసార్లు రెట్టింపైనా ఆ గీత కదల్లేదు. 2022లో సవరించాక గానీ అది పెరగడం మొదలుకాలేదు. టెక్సాస్ 2003లో మరీ గట్టిగా బిగించింది. ప్రతివాది జవాబు దాఖలు చేసిన 120 రోజుల్లో నిపుణుడి రిపోర్టు ఇవ్వకపోతే కేసు పోవడమే కాదు, అవతలి లాయరు ఫీజూ నెత్తిన పడుతుంది. ఆ రెండూ మనకొద్దు. కార్పొరేట్ ఆస్పత్రుల సంఘాలు మీ చాంబరుకు వచ్చి సీలింగు పెట్టమని అడిగితే, కాలిఫోర్నియా రోగులు 47 ఏళ్లు పాత ధరకే బతికారని గుర్తుచేయండి.

చూడాల్సింది ఇండియానా రాష్ట్రాన్ని. అక్కడ పెద్ద కేసు కోర్టులో నడవాలంటే ముందు ఒక రివ్యూ ప్యానెల్ ముందుకు వెళ్లాలి. ముగ్గురు వైద్యరంగ నిపుణులు, ఓటు లేని ఒక లాయరు అధ్యక్షుడు. కాగితాలన్నీ వాళ్ల ముందుంటాయి. ప్యానెల్ ఏర్పడ్డాక ఆరు నెలల్లో అభిప్రాయం రాసివ్వాలి. ఆ అభిప్రాయాన్ని కోర్టులో చూపొచ్చు, కానీ అదే తుది తీర్పు కాదు. అక్కడా జాప్యం ఉందనే విమర్శ ఉంది, పరిహారానికి సీలింగూ ఉంది. సీలింగుని అక్కడే వదిలేసి ప్యానెల్ని తెచ్చుకోవచ్చు. నిపుణుణ్ని వెతికే పని రోగి కుటుంబం మీద నుంచి వ్యవస్థ మీదికి మారుతుంది. నాకు కావాల్సింది అంతే.

మనకు చేతకానిదేం కాదు. రెండు రాష్ట్రాల్లో ఇన్ని ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, ప్రతి కాలేజీలో ప్రతి విభాగానికీ ప్రొఫెసర్లు ఉన్నారు. ఆదిలాబాద్ కేసుని మహబూబ్‌నగర్ ప్రొఫెసర్లు, కడప కేసుని శ్రీకాకుళం ప్రొఫెసర్లు చూడాలి. ఆస్పత్రి పేరు, డాక్టరు పేరు కొట్టేసి పంపినా సరే. ముగ్గురూ కారణాలతో సహా రాయాలి, సంతకం పెట్టాలి. తొంభై రోజుల్లో రిపోర్టు కాపీ ఇరుపక్షాలకూ ఇవ్వాలి. ఇప్పుడు కలెక్టరుగారు ఆదేశిస్తే జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) వేసే కమిటీలు ఇలాంటివి కావు. ఆ రిపోర్టుల్లో 'నిబంధనల ప్రకారమే వైద్యం అందించారు' అన్న వాక్యం ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది, అది కూడా సమాచార హక్కు కింద అడిగితేనే బయటికొస్తుంది.

ప్యానెల్ ముందు పెట్టడానికి కాగితాలు కావాలి. అందుకే ఈ లేఖకు 'ముందు కేసుషీటు ఇప్పించండి' అని పేరు పెట్టాను. వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002లో వచ్చింది. ఇన్‌పేషెంటు రికార్డుని మూడేళ్లు భద్రపరచాలి, రోగి గానీ అతని మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి అని అందులో స్పష్టంగా ఉంది. కానీ ఆ నియమావళి కట్టడి చేసేది డాక్టర్ని. ఫైలు ఉండేది యాజమాన్యం తాళంలో. మెడికల్ కౌన్సిల్ డాక్టరు రిజిస్ట్రేషన్ని ముట్టగలదు, కార్పొరేట్ కంపెనీని ముట్టలేదు. మా క్లయింట్లు అప్లికేషన్ పట్టుకుని వెళ్తే "లీగల్ డిపార్ట్‌మెంట్ హైదరాబాద్‌లో ఉంది, మెయిల్ పెట్టండి" అంటారు. మెయిల్‌కు జవాబు రాదు. లాయరు నోటీసు పంపితే, నెల తర్వాత ఓ కట్ట వస్తుంది. అందులో నాలుగు రోజుల నర్సింగ్ నోట్సు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటుంది. మూడు షిఫ్టుల నర్సులు అంత ఐకమత్యంగా రాయడం నేను ఆస్పత్రి కేసుల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

కాబట్టి చట్టంలో మొదటి సెక్షను ఇదే ఉండాలి. మరణం మీద అనుమానం ఉందని కుటుంబం రాతపూర్వకంగా చెప్పిన వెంటనే, డ్యూటీలో ఉన్న అధికారి కేసుషీటుని పేజీల నంబర్లతో స్కాన్ చేసి, ఒక కాపీ కుటుంబానికి, ఒకటి డీఎంహెచ్‌వో కార్యాలయానికి ఇవ్వాలి. ఐసీయూ చార్టులు, మత్తు ఇచ్చిన రికార్డు, రక్తం ఎక్కించిన రికార్డు అన్నీ. ఇవ్వకపోతే ఆస్పత్రి యాజమాన్యానికి రోజుకింత జరిమానా. అంతేకాదు, రికార్డు దాచినా, దిద్దినా, అందులో ఏముండి ఉంటుందో కోర్టు ఆస్పత్రికి వ్యతిరేకంగా ఊహించుకోవచ్చని రాయండి. జరిమానా కన్నా ఈ వాక్యానికే వాళ్లు భయపడతారు.

దాని వెంటనే పోస్టుమార్టం. కుటుంబం అడిగితే ప్రభుత్వ ఆస్పత్రిలో, వీడియో తీస్తూ, వైద్యం చేసిన ఆస్పత్రితో సంబంధం లేని డాక్టరుతో చేయించాలి. బిల్లు బాకీ ఉందని శవాన్ని ఆపకూడదు. గేటు రాజీ కాగితంలో 'ఫిర్యాదు చేయం' అన్న షరతు ఉంటే అది చెల్లదని ఒక్క లైను రాస్తే చాలు. సాయం ఇవ్వదలచుకున్న ఆస్పత్రి ఇవ్వనీ, రేపు వచ్చే పరిహారంలో మినహాయించుకోనీ.

మెడికల్ కౌన్సిళ్ల గురించి ఎక్కువ రాయను, రాసి లాభం లేదు. ఫిర్యాదుని ఆరు నెలల్లో తేల్చాలని నియమావళిలో ఉంది. తేల్చాక డాక్టరుకు నచ్చకపోతే 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 30వ సెక్షన్ కింద పైకి అప్పీలు చేసుకోవచ్చు. రోగికి నచ్చకపోతే? ఆ సెక్షన్‌లో రోగి ఊసే లేదు. అది కేంద్రం సవరించాల్సింది, మీరు లేఖ రాయండి. కౌన్సిల్ ఇచ్చే ఉత్తర్వులన్నీ వెబ్‌సైట్‌లో పెట్టించడం మాత్రం మీ చేతిలో పనే.

పశ్చిమ బెంగాల్ 2017లో తన సొంత చట్టం చేసింది. ప్రైవేటు ఆస్పత్రుల మీద ఫిర్యాదులు విని పరిహారం ఇప్పించే కమిషన్ పెట్టింది. మరణానికి 10 లక్షలకు తగ్గకుండా అని అందులో ఉంది. అయితే డాక్టరు నిర్లక్ష్యం అనగానే ఆ ఫిర్యాదుని అదీ మెడికల్ కౌన్సిల్ గుమ్మం దగ్గరే వదిలేస్తుంది. తెలంగాణ కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టాన్ని తీసుకుంది, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి పాత చట్టం నడుస్తోంది. రెండూ రిజిస్ట్రేషన్ చట్టాలే. పడకలెన్ని, ఫైరు ఎన్‌వోసీ ఉందా అని చూస్తాయి. పోయిన మనిషి గురించి అడగవు.

మరి ప్రభుత్వాస్పత్రి? అందరికీ ఉచితంగా వైద్యం చేసే చోట రోగి వినియోగదారుడు కాడని శాంత తీర్పులోనే ఉంది. అంటే అన్నిటికన్నా పేదవాడికి, ఫీజు లేని కమిషన్ తలుపు మూసుకుంది. ఫీజులుండే సివిల్ కోర్టు, దూరంగా ఉండే హైకోర్టు తెరిచి ఉన్నాయి. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న 34 మందిలో నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది కాబట్టి తలా 5 లక్షలు, డబుల్ బెడ్‌రూం ఇల్లు ప్రకటించారు. అదే క్యాంపులో ఒక్కరే చనిపోయి ఉంటే? పేపర్లో జిల్లా పేజీ వార్త అయ్యేది. పరిహారం గగ్గోలు సైజుని బట్టి ఉండకూడదు. ప్రభుత్వాస్పత్రి కేసులు కూడా ఆ ప్యానెల్ ముందుకే రావాలి, తప్పు తేలితే నిర్ణీత పరిహారం ఖజానా నుంచి నేరుగా వెళ్లాలి.

డాక్టర్ల సంఘాలు ఏమంటాయో నాకు తెలుసు. ఇలాగైతే సీరియస్ కేసు ఎవరూ ముట్టరు, అందర్నీ హైదరాబాద్‌కు రిఫర్ చేస్తారు, దారిలోనే పోతారు అంటారు. ఆ భయం నిజమే. కానీ ఇప్పుడు మాత్రం ఏం జరుగుతోంది? చిన్న నర్సింగ్ హోం నడిపే డాక్టరు ఏ తప్పూ చేయకపోయినా గేటు ముందు గుంపుకి లక్షలు సమర్పించుకుంటున్నాడు. తప్పు చేసినవాడూ అంతే ఇచ్చి, మర్నాడు ఓపీ చూసుకుంటున్నాడు. ఇద్దరికీ ఒకే రేటు. తప్పు లేదని ముగ్గురు ప్రొఫెసర్లు సంతకం పెట్టిన కాగితం తొంభై రోజుల్లో చేతికొస్తే, ఆ మొదటి డాక్టరుకు దానికన్నా పెద్ద రక్షణ ఏముంది? ప్యానెల్ అభిప్రాయం రాకుండా పోలీసులు అరెస్టు జోలికి పోకూడదని కూడా అందులోనే రాయండి. నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

ఆస్పత్రులు రాజ్యాంగం రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి, ఆరో అంశం. ఢిల్లీ వైపు చూడాల్సిన పని లేదు. వచ్చే శాసనసభ సమావేశాల్లో బిల్లు పెట్టండి. 2008 చట్టం డాక్టర్ల కోసం ఎంత చిన్నగా, స్పష్టంగా ఉందో, ఇదీ అలాగే నాలుగు పేజీలకు మించకుండా ఉంటే చాలు. బిల్లు తయారయ్యేలోపు ఒక జీవో ఇవ్వండి: కేసుషీటు 72 గంటల్లో ఇవ్వని ఆస్పత్రి మీద ఫిర్యాదుని డీఎంహెచ్‌వో వారంలో తేల్చాలని, ఆ ఆస్పత్రి రిజిస్ట్రేషన్ రెన్యువల్ సమయంలో అలాంటి ఫిర్యాదుల్ని లెక్కలోకి తీసుకోవాలని. దానికి శాసనసభ అక్కర్లేదు, మీ సంతకం చాలు. ఈ నెలలోనే పెట్టండి.

ఈ లేఖ చదివే మామూలు జనానికీ ఒక్క మాట. అలాంటి రాత్రి ఏ ఇంటికీ రాకూడదు. వస్తే, అనుమానం ఉంటే, చదవకుండా ఏ కాగితం మీదా వేలు వేయకండి. పోస్టుమార్టం కావాలని స్టేషన్‌లో రాసివ్వండి. కేసుషీటు కోసం అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ఆస్పత్రి ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు.

ఇట్లు,
జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వాదించే ఒక ప్లీడరు